అడివి బాపిరాజు

అడివి బాపిరాజు (1895 అక్టోబరు 8 - 1952 సెప్టెంబరు 22) సుప్రసిద్ధ తెలుగు నవలా రచయిత, చిత్రకారుడు, కవి, పాత్రికేయుడు, స్వాతంత్ర్య సమరయోధుడు, కళాధ్యాపకుడు. సాహితీ మిత్రులు ఆయనను ఆప్యాయంగా బాపిబావ అని పిలిచేవారు. నారాయణరావు, హిమబిందు, గోన గన్నారెడ్డి వంటి నవలల ద్వారా సామాన్య పాఠకులకు సుపరిచితుడైన బాపిరాజు, మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రకళ అభ్యసించి, అనంతరం 1934 నుండి 1939 వరకు అదే కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. న్యాయవాదం, అధ్యాపకత్వం, చలనచిత్ర కళాదర్శకత్వం, పత్రికా సంపాదకత్వం వంటి భిన్న వృత్తులు చేపట్టినా చిత్రకళను మాత్రం జీవితాంతం విడువలేదు. ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలో ఒక తెలుగు యువకుడు కళను నేర్చుకొని, దానితో బ్రతుకు సాగించడానికి ఏయే మార్గాలు ఉండేవో తెలుసుకోవడానికి ఆయన జీవితం మంచి ఉదాహరణ.

బాల్యం, విద్యాభ్యాసం

బాపిరాజు పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు సుబ్బమ్మ, కృష్ణయ్య. పాఠశాల చదువు పూర్తి అయిన తరువాత ఉన్నత విద్య కోసం రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలలో చేరాడు. ఆ కళాశాలకు ఆ కాలంలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవాడు. కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. గోదావరి తీరపు పల్లెలను, అక్కడి మనుషులను ప్రేమించినవాడు. దక్షిణ భారతదేశంలోని తన అనుభవాలను ఆయన తరువాత 1924లో గ్రంథరూపంలో ప్రకటించాడు.

కూల్డ్రే తన విద్యార్థులలో కళాభిరుచి గలవారిని గుర్తించి ప్రోత్సహించాడు. ఆయన చుట్టూ చేరిన యువకులలో దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు, అడివి బాపిరాజు ముఖ్యులు. వీరిలో రామారావు 1916లో బొంబాయి వెళ్ళి జె.జె. కళాపాఠశాలలో చేరి, చిత్రకళనే వృత్తిగా స్వీకరించాడు. తరువాత రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల నెలకొల్పి, 1925లో మశూచి సోకి 28వ ఏట మరణించాడు. కవికొండల వెంకటరావు సాహిత్యాన్ని ఎన్నుకున్నాడు. బాపిరాజు ఈ రెంటిలో ఏ ఒక్కదానినీ వదలలేదు. బి.ఏ. పట్టా పొందిన తరువాత ఆనాటి మధ్యతరగతి కుటుంబాల ఆనవాయితీ ప్రకారం మద్రాసు న్యాయ కళాశాలలో చదివి బి.ఎల్. పూర్తిచేశాడు.

న్యాయవాద వృత్తి, స్వాతంత్ర్యోద్యమం

చదువు ముగిసిన పిమ్మట బాపిరాజు కొంతకాలం న్యాయవాదిగా పనిచేశాడు. కాని ఆ వృత్తిలో ఎక్కువ కాలం కొనసాగలేదు. గాంధీజీ పిలుపుతో సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొని 1922లో ఒక సంవత్సరం జైలుశిక్ష అనుభవించాడు. విడుదలైన తరువాత ఆయనను ఆకర్షించినది మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాల. అప్పటికే పట్టభద్రుడు, న్యాయశాస్త్రం చదివినవాడు అయిన ఒక యువకుడు మళ్ళీ విద్యార్థియై కుంచె పట్టడం ఆ రోజులలో అరుదైన సంగతి.

ఆంధ్ర జాతీయ కళాశాల

1905 నాటి వంగ విభజనకు వ్యతిరేకంగా సాగిన స్వదేశీ ఉద్యమంలో జాతీయ విద్య ఒక ప్రధానాంశం. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర ప్రాంతంలో పర్యటించి చేసిన ఉపన్యాసాలు యువకులను ఉత్తేజితులను చేశాయి. వాటి ప్రభావంతో కోపల్లె హనుమంతరావు, కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, వైద్యుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య కలసి మచిలీపట్నంలో జాతీయ విద్యాసంస్థను స్థాపించడానికి పూనుకొన్నారు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. ఈ ముగ్గురిలో హనుమంతరావు కళాశాల నిర్వహణకే తన జీవితాన్ని అంకితం చేసి 1922లో మరణించాడు. జాతీయ పతాక రూపకర్తగా ప్రసిద్ధుడైన పింగళి వెంకయ్య కూడ ఈ కళాశాలలో పనిచేశాడు. ఆయన స్వగ్రామం భట్లపెనుమర్రు మచిలీపట్నానికి సమీపంలోనిదే.

ఈ కళాశాలలో పుస్తక విద్యతో పాటు చేతిపనులు నేర్పడం ప్రధాన ఆశయం. నేత, వడ్రంగం, లోహపు పని వంటి వృత్తులకు సాహిత్యంతో సమానమైన స్థానం ఇచ్చారు. దీనికి సిద్ధాంతం ఒక్కటే కాదు, ఒక వ్యావహారిక కారణం కూడ ఉంది. జాతీయ కళాశాల ప్రభుత్వ సహాయాన్ని, ప్రభుత్వ గుర్తింపును ఆశించకుండా ప్రజల విరాళాలతో నడిచిన సంస్థ. అది ఇచ్చే యోగ్యతాపత్రం చూపి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం కూడ పొందే అవకాశం లేదు. అందువల్ల తమను నమ్మి చేరిన పిల్లవానికి సర్కారు కొలువు లేకుండా బ్రతుకగలిగే నేర్పు ఇవ్వడం స్థాపకుల నైతిక బాధ్యత అయింది. విద్యార్థి చేతికి ఒక పని వచ్చి ఉండాలి, ఆ పనికి బజారులో గిరాకీ ఉండాలి, ఆ పని చేస్తున్నందుకు అతడు చిన్నతనపడకూడదు. ఈ మూడూ కుదిరితేనే జాతీయ విద్య నిలబడుతుంది.

ఇటువంటి ప్రయోగానికి మచిలీపట్నం తగిన ప్రదేశం. బందరు రేవు నుండి శతాబ్దాల పాటు అద్దకపు వస్త్రాలు పర్షియాకు, ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లోనే ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టడం, పాత ఇనుము, బెల్లం ఊరవేసి నల్లరంగు తీయడం, పటికతో ఎర్రరంగు పట్టించడం, చెక్కిన టేకు అచ్చులతో అద్దడం వంటి పనులలో ఈ పట్టణంలోను, పక్కనున్న పెడనలోను అనేక కుటుంబాలు నైపుణ్యం సంపాదించాయి. యంత్రాలపై తయారైన విదేశీ వస్త్రాల పోటీ వలన, రేవు ప్రాముఖ్యం తగ్గడం వలన ఈ పరిశ్రమ క్షీణించింది. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన పట్టణాన్ని మరింత దెబ్బతీసింది. నైపుణ్యం ఒక్కటే ఉండి, కొనేవారు లేకపోతే కళాకారుని గతి ఏమవుతుందో తెలుసుకోవడానికి బందరువాసులు మరెక్కడికో వెళ్ళవలసిన అవసరం లేకపోయింది.

మరొకవైపు, 1855లో కృష్ణానదిపై విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత గుడివాడ, దివిసీమ ప్రాంతాలు వరిపొలాలతో సస్యశ్యామలమై, పిల్లలకు చదువు చెప్పించగల రైతు కుటుంబాలు పెరిగాయి. దివిసీమకు చేరువలోనే కూచిపూడి నాట్య సంప్రదాయం సజీవంగా ఉంది. ఒకవైపు కళాసంప్రదాయం, మరొకవైపు కొత్తగా చేరిన సంపద ఉన్న ఈ డెల్టాలో, ఆ రెంటినీ కలిపే విద్యాసంస్థగా జాతీయ కళాశాల రూపొందింది.

ప్రమోద కుమార చటోపాధ్యాయ శిష్యరికం

జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్పడానికి వంగదేశం నుండి ప్రమోద కుమార చటోపాధ్యాయ వచ్చాడు. ఆయన అవనీంద్రనాథ ఠాగూరు ప్రవేశపెట్టిన వంగ చిత్రకళా సంప్రదాయానికి చెందినవాడు. హిమాలయ ప్రాంతాలలో సాధువులతో సంచరించిన అనుభవం గలవాడు. తరువాతి కాలంలో బెంగాలీ భాషలో యాత్రా రచయితగా కూడ పేరు పొందాడు.

ఆనాటి ప్రభుత్వ కళాపాఠశాలలలో పాశ్చాత్య పద్ధతికి ప్రాధాన్యం ఉండేది. ఎదుట నిలబెట్టిన మనిషిని లేదా మట్టిబొమ్మను చూసి యథాతథంగా చిత్రించడం, తైలవర్ణాలు వాడడం అందులో భాగం. వంగ సంప్రదాయం దీనికి భిన్నమైనది. అజంతా కుడ్యచిత్రాలు, మొగలు, రాజపుత్ర సూక్ష్మచిత్రాలు, జపాను చిత్రకళ దీనికి ప్రేరణ. నీటిరంగులు వేసి, ఆరనిచ్చి, మళ్ళీ నీటితో తడిపి పలుచన చేస్తూ పొరలు పొరలుగా రంగును నిలిపే వాష్ పద్ధతి దీని ప్రత్యేకత. దీనివలన చిత్రానికి మంచుతెర కప్పినట్టి మృదుత్వం కలుగుతుంది. రేఖకు ప్రాధాన్యం ఎక్కువ.

బాపిరాజు ప్రమోద కుమారుని వద్ద ఈ పద్ధతిని అభ్యసించాడు. గుర్రం మల్లయ్య, కౌతా సోదరులైన ఆనందమోహన శాస్త్రి, రామమోహన శాస్త్రి కూడ ఈ కళాశాల ద్వారా వెలుగులోకి వచ్చిన చిత్రకారులు. రాజమండ్రిలో దామెర్ల రామారావు, మచిలీపట్నంలో ప్రమోద కుమారుడు నెలకొల్పిన రెండు కేంద్రాలు ఆధునిక ఆంధ్ర చిత్రకళకు పునాదులుగా భావించబడుతున్నాయి. కూల్డ్రే ప్రోత్సాహం, ప్రమోద కుమారుని శిక్షణ రెండూ పొందిన బాపిరాజు ఈ రెండు కేంద్రాలకు వారధి వంటివాడు.

ఇదే కాలంలో 1923లో మచిలీపట్నం నుండి కౌతా శ్రీరామశాస్త్రి శారద అనే సాహిత్య మాసపత్రికను ప్రకటించాడు. పట్టణంలో ఒక వైపు చిత్రకళా శిక్షణ, మరొక వైపు సచిత్ర పత్రికా ప్రచురణ జరగడం యువ చిత్రకారులకు మేలు చేసింది. చిత్రాన్ని ప్రదర్శనలో అమ్ముకొనడమే కాక, అచ్చులో పాఠకుని ఇంటికి చేర్చే మార్గం కూడ వారికి కనిపించింది.

ప్రిన్సిపాలుగా

బాపిరాజు 1934లో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రిన్సిపాలు పదవిని చేపట్టి 1939 వరకు నిర్వహించాడు. తాను విద్యార్థిగా ఉన్న సంస్థకు సుమారు పది సంవత్సరాల తరువాత అధిపతి అయ్యాడు. అప్పటికి స్థాపకులలో హనుమంతరావు లేడు. ఉప్పు సత్యాగ్రహం, శాసనోల్లంఘన ఉద్యమాల వేడి తగ్గి, జాతీయ విద్యాలయాలకు కష్టకాలం వచ్చింది. ఉద్యమ కాలంలో ప్రభుత్వ కళాశాలలను బహిష్కరించి వచ్చిన విద్యార్థులు మళ్ళీ గుర్తింపు గల చదువుల వైపు మళ్ళుతున్న రోజులవి. విశ్వవిద్యాలయపు పట్టా లేని చదువు వలన ఉద్యోగం రాదన్న సందేహానికి సమాధానం చెప్పవలసిన స్థానంలో, తన పట్టాను తానే పక్కనబెట్టి వచ్చిన బాపిరాజు నిలిచాడు.

ఇదే కాలంలో 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశం చేతిపని కేంద్రంగా గల ప్రాథమిక విద్యను ప్రతిపాదించింది. బందరులో 1910 నుండి ఆచరణలో ఉన్న ఆశయానికి ఇది దేశవ్యాప్తంగా లభించిన ఆమోదం వంటిది. అయితే ఈ రెంటికీ ఒక భేదం ఉంది. వార్ధా పథకంలో చేతిపని పాఠశాల ఖర్చును కొంతవరకు భరించే సాధనం. బందరు కళాశాలలో చిత్రకళకు కూడ స్థానం కల్పించడం వలన, చేతిపనికి సౌందర్య దృష్టి కూడ తోడైంది.

ఉపాధి సమస్య

బాపిరాజు తరం చిత్రకారులకు అందుబాటులో ఉన్న జీవనోపాధులు చాల పరిమితం. సంస్థానాధీశులు, జమీందారులు ఇచ్చే పోషణ క్రమంగా తగ్గుతున్నది. చిత్రాలను కొని ఇంటిలో అలంకరించుకొనే అలవాటు మధ్యతరగతిలో ఇంకా రాలేదు. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో జరిగే ప్రదర్శనలలో బహుమతులు రావచ్చు గాని, అవి ఏడాది పొడవునా కుటుంబాన్ని పోషించలేవు. ఉన్నత పాఠశాలలలో డ్రాయింగు మాష్టరు ఉద్యోగం స్థిరమైనదే, కాని దానికి ప్రభుత్వం నిర్వహించే సాంకేతిక పరీక్షలలో ఉత్తీర్ణత కావాలి. ఈ పరిస్థితులలో చిత్రకారులు నాటక తెరలు వ్రాయడం, పుస్తకాలకు ముఖచిత్రాలు వేయడం, పత్రికలకు బొమ్మలు గీయడం వంటి పనులను ఆశ్రయించారు.

బాపిరాజు కూడ పుస్తకాలకు చిత్రాలు వేశాడు. మిత్రుడు విశ్వనాథ సత్యనారాయణ రచించిన కిన్నెరసాని పాటలకు ఆయన వేసిన చిత్రాలు పేరు పొందాయి. తరువాతి కాలంలో గుంటూరులో చిత్రకళ నేర్పడానికి కూడ ఏర్పాట్లు చేశాడు.

చలనచిత్ర రంగం

1932లో తెలుగు టాకీ ప్రారంభం కావడంతో చిత్రకారులకు ఒక కొత్త వృత్తి ఏర్పడింది. పౌరాణిక చిత్రాలకు రాజప్రాసాదాలు, ఆశ్రమాలు, ఆభరణాలు, దుస్తులు రూపొందించడానికి పురాణ విజ్ఞానం, చిత్రణ నైపుణ్యం రెండూ ఉన్నవారు కావలసివచ్చారు. అజంతా శైలిని, ప్రాచీన శిల్పాన్ని అధ్యయనం చేసిన బాపిరాజు ఈ పనికి తగినవాడు. అనసూయ, ధ్రువ విజయం, మీరాబాయి చిత్రాలకు ఆయన కళాదర్శకత్వం వహించాడు. చలనచిత్ర కళాదర్శకత్వాన్ని చేపట్టిన తొలితరం తెలుగు చిత్రకారులలో ఆయన ఒకడు. తరువాతి తరంలో మాధవపెద్ది గోఖలే, కళాధర్ వంటివారు ఇదే మార్గంలో నడిచి, 1957 నాటి మాయాబజార్ వంటి చిత్రాలతో కళాదర్శకత్వానికి గౌరవస్థానం సంపాదించిపెట్టారు.

పాత్రికేయ వృత్తి

బాపిరాజు 1944 నుండి 1947 వరకు హైదరాబాదులో మీజాన్ దినపత్రిక తెలుగు విభాగానికి సంపాదకుడుగా పనిచేశాడు. ఈ పత్రిక ఉర్దూ, ఆంగ్లం, తెలుగు భాషలలో వెలువడేది. నిజాం పాలన చివరి సంవత్సరాలలో, రాజకీయ ఉద్రిక్తతల మధ్య, తెలుగు దినపత్రికను నడపడం సులభమైన పని కాదు. సర్కారు జిల్లాల నుండి వెళ్ళిన రచయిత తెలంగాణ పాఠకులకు ప్రతిదినం చేరువ కావడం ఆ కాలంలో విశేషం. కాకతీయుల చరిత్ర నేపథ్యంగా గోన గన్నారెడ్డి నవలను రచించిన బాపిరాజుకు ఆ ప్రాంతపు చరిత్రపై ప్రత్యేకమైన మక్కువ ఉండేది.

సాహిత్య సేవ

బాపిరాజు సాహితీ సమితి సభ్యుడు. నవ్య సాహిత్య పరిషత్తు స్థాపకులలో ఒకడు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో ఆయన నారాయణరావు నవల, విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు నవల సమానంగా బహుమతిని పంచుకొన్నాయి. శశికళ పేరుతో ఆయన రచించిన గీతాలు భావకవిత్వ యుగంలో ప్రసిద్ధి చెందాయి. ఆయన కథలలో చిత్రకారులు, శిల్పులు, గాయకులు తరచుగా కనిపిస్తారు.

ఆయన నవలలలో కళాకారునికి, సంపదకు, అధికారానికి మధ్య గల సంబంధం మళ్ళీ మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది. శాతవాహనుల కాలపు నేపథ్యం గల హిమబిందులో కథానాయకుడు సువర్ణశ్రీ శిల్పాచార్యుడైన ధర్మనంది కుమారుడు. నాయిక హిమబిందు కోటీశ్వరుడైన వర్తకుడు చారుగుప్తుని కుమార్తె. శిల్పి కుమారుడు వర్తక చక్రవర్తి కుమార్తెను ప్రేమించడం ఈ కథకు మూలం. సమకాలీన సమాజాన్ని చిత్రించిన కోనంగిలో పట్టభద్రుడైన నిరుద్యోగి ఉపాధి కోసం మద్రాసు చేరి, సినిమా రంగంలో ప్రవేశిస్తాడు. చదువు ఉండి కొలువు లేని యువకుని స్థితిని హాస్యధోరణిలో చిత్రించిన ఈ నవలకు, రచయిత స్వయంగా చూసిన లోకమే ఆధారం.

చిత్రకళ

బాపిరాజు చిత్రాలలో శబ్దబ్రహ్మ, ఆనంద తాండవం, భాగవత పురుష, తిక్కన, సముద్రగుప్తుడు ప్రసిద్ధమైనవి. పౌరాణిక, చారిత్రక వస్తువులు, లయబద్ధమైన రేఖ, మృదువైన వర్ణాలు ఆయన శైలి లక్షణాలు. 1951లో అప్పటి మద్రాసు ప్రభుత్వం కోరికపై సింహళంలోని సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు చిత్రించాడు.

వంగ సంప్రదాయ చిత్రాలు సమకాలీన జీవితానికి దూరంగా, పురాణ లోకంలో విహరిస్తాయని తరువాతి తరం విమర్శకులు అభిప్రాయపడ్డారు. ఈ విమర్శ బాపిరాజు చిత్రాలకు కూడ కొంతవరకు వర్తిస్తుంది. అయితే చిత్రంలో చెప్పని సమకాలీన జీవితాన్ని ఆయన నారాయణరావు, కోనంగి వంటి నవలలలో విపులంగా చెప్పాడు. కనుక ఆయన కుంచెను, కలాన్ని విడదీసి అంచనా వేయడం సరికాదు.

మరణం

బాపిరాజు 1952 సెప్టెంబరు 22న మద్రాసులో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు. మరుసటి సంవత్సరమే ఆంధ్ర రాష్ట్రం అవతరించింది.

ప్రభావం

బాపిరాజు జీవితంలో న్యాయవాద వృత్తి, కళాశాల, సినిమా, పత్రిక ఒకదాని తరువాత ఒకటి వచ్చిపోయాయి. ఇది చంచలత్వమని కొందరికి తోచవచ్చు. కాని ఆయన ఏ ఉద్యోగంలో చేరినా, దానిలో తన కళకు చోటు ఉందా అన్నదే కొలమానంగా పెట్టుకున్నట్లు కనిపిస్తుంది. చోటు లేని న్యాయవాద వృత్తిని మొదటనే వదిలాడు. కళను బోధించడం, తెరపై చూపడం, అచ్చులో అందించడం, కథగా చెప్పడం అనే నాలుగు మార్గాలలో మాత్రం శ్రద్ధగా పనిచేశాడు. ఒకే నైపుణ్యాన్ని పలు రంగాలకు అనువుగా మలచుకొనడం నేటి కళావిద్యార్థులకు కూడ అవసరమైన విషయం.

దీనిలో నష్టం కూడ లేకపోలేదు. ఒక్క చిత్రకళపైనే దృష్టి నిలిపిన దామెర్ల రామారావు అతి స్వల్పకాలంలో సాధించిన చిత్రసంపదతో పోల్చితే, మూడు దశాబ్దాలు జీవించిన చిత్రకారునిగా బాపిరాజు మిగిల్చిన చిత్రాలు పాఠక లోకంలో ఆయన నవలలంత ప్రచారం పొందలేదు. బ్రతుకుతెరువు కోసం చేసిన పనులు ఆయన కుంచె కాలాన్ని చాలవరకు హరించాయి. స్థిరమైన ఆదరణ లేని సమాజం తన కళాకారుని నుండి వసూలు చేసుకొనే మూల్యం ఇది.

స్వాతంత్ర్యానంతరం బందరు అద్దకం పని కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి కృషితో పునరుద్ధరణ పొంది, పెడన, మచిలీపట్నం పరిసరాలలో నేటికీ అనేకులకు జీవనాధారంగా ఉన్నది. చందమామ, యువ వంటి పత్రికలు వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులకు విస్తృతమైన పాఠక లోకాన్ని ఇచ్చాయి. చేతిపని, అచ్చు, చలనచిత్రం అనే ఈ మూడు దారులూ బాపిరాజు కాలంలో బందరు విద్యార్థుల ఎదుట అప్పుడప్పుడే తెరుచుకొంటున్నవే. విద్యార్థికి కళతో పాటు దానితో నిలబడే ధైర్యాన్ని ఇవ్వాలన్న జాతీయ కళాశాల ఆశయం, ఆ కళాశాల విద్యార్థిగాను ప్రిన్సిపాలుగాను ఉన్న బాపిరాజు జీవితంలో ఒడిదుడుకులతోనే అయినా ఆచరణలోకి వచ్చింది.

ముఖ్య రచనలు

నవలలు: నారాయణరావు, హిమబిందు, గోన గన్నారెడ్డి, అడివి శాంతిశ్రీ, అంశుమతి, కోనంగి, తుపాను, నరుడు, జాజిమల్లి.

గీతాలు: శశికళ.